ఇంటి వద్దకు వచ్చిన పరిచర్యా విద్య



మా గ్రామమున నా యొద్ద చదివిన బాలిక యొకతె నేడు అమెరికా దేశమున ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో నర్సుగా నున్నది. మొన్నటి సంక్రాంతికి ఫోను చేసి, క్షేమ సమాచారము లడిగిన పిమ్మట, "మాస్టారూ, నేను మళ్ళీ చదువుకుంటున్నానండీ" అని చెప్పెను. ఏ కళాశాలలో నని యడిగితిని. కళాశాల ఎక్కడనో దూరమున నున్నదనియు, తాను ఆసుపత్రి పని ముగించుకొని, బిడ్డలను నిద్రపుచ్చి, ఇంటిలోనే కూర్చుండి ఆన్‌లైనున పాఠములు వినుచున్నాననియు చెప్పెను. ఇది ఇదివఱకే పట్టము పొందిన నర్సులు చదువు పై చదువట. ఇందు ప్రసూతి, కుటుంబ ఆరోగ్యము, మానసిక రోగ పరిచర్య మొదలుగా పెక్కు శాఖలు కలవట. వానిలో నొకదానిని ఎన్నుకొని అందు ప్రావీణ్యము సంపాదింపవలయును. ఆమె ప్రసూతి శాఖ నెన్నుకొన్నది.

నేను వెంటనే సంతోషింపలేదు. నేను గురువుగారి యెదుట నేలపై కూర్చుండి సంస్కృతాంధ్రములు వల్లె వేసినవాడను. వ్యాకరణ సూత్రమే గురుముఖమున గాని పట్టువడదని నమ్మినవాడను. ఇక ప్రాణమున్న మనిషి దేహముతో పనిగల విద్య మాట చెప్పవలయునా? "అమ్మా, తెర మీద చూచి పురుడు పోయుట ఎట్లు నేర్తువు?" అని కొంచెము కఠినముగనే యడిగితిని. ఆమె నవ్వి, "ముందు మా చదువుల కథ తెలుసుకోండి మాస్టారూ, తరవాత తిట్టండి" అనెను. తెలిసికొంటిని. ఆ కథనే నేడు మీకు విన్నవించుచున్నాను.

ఆ కథ నా మనస్సున నాటుకొనుటకు కారణ మొకటి కలదు. 1969లో, వానకాలమున, నాకు పదియేండ్ల వయస్సున, మా యక్క తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. నొప్పులు మొదలై రెండు రాత్రులు గడచెను. ఊరి మంత్రసాని తనకు తెలిసినదెల్ల చేసెను. మూడవనాటి తెల్లవాఱుజామున నాయన బండి కట్టించెను. పట్టణపు ఆసుపత్రి పండ్రెండు మైళ్లు. నడుమ వాగు పొంగినది. వాగు గట్టుననే మా యక్కయు, ఆమె కడుపులోని బిడ్డయు పోయిరి. మంత్రసానిది తప్పని నే ననను. ఆమెకు నేర్పినవారు లేరు. నేర్చినవారు ఆ పండ్రెండు మైళ్ల కావల నుండిరి. కాన్పు ఆడదానికి మరుజన్మ యని మన పెద్ద లనుట ఊరక కాదు.

ఇక కథకు వత్తును. రోగికి సేవ చేయుట లోకమున ఎల్లప్పుడును ఉన్నదే. కాని ఆ సేవను శాస్త్రముగా నెంచి, దానికొక బడి పెట్టి, క్రమముగా నేర్పుట మిక్కిలి ప్రాచీనము కాదు. 1836లో జర్మను దేశమున కైసర్‌వర్తు అను చోట ఫ్లీడ్నరు అను క్రైస్తవ బోధకుడు పరిచారికలకొక శిక్షణాలయము స్థాపించెను. ధనవంతుల యింట పుట్టిన ఆంగ్లవనిత ఫ్లారెన్సు నైటింగేలు, ఇంటివారి కిష్టము లేకున్నను, 1851లో అచ్చటికి పోయి పని నేర్చుకొనెను. 1854లో క్రిమియా యుద్ధ సమయమున 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని స్కుటారిలోని సైనిక వైద్యశాలకు పోయెను. ఆమె కీర్తి మీరెల్లరు నెఱిగినదే. 1860లో లండను నగరపు సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయము వెలసెను.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి యున్నది. యుద్ధమునుండి తిరిగివచ్చిన పిమ్మట ఆమె ఆరోగ్యము చెడి, ఎన్నో యేండ్లు గది విడిచి రాలేకపోయెను. తన పేర వెలసిన బడిలో ఆమె నిలిచి పాఠము చెప్పలేదు. 1872 మొదలుకొని పెక్కు పర్యాయములు విద్యార్థినులకు ఉత్తరములు వ్రాసి పంపెను. మన దేశమున కొక్కమాఱైనను రాకయే మన సైనికుల యొక్కయు, గ్రామముల యొక్కయు ఆరోగ్య స్థితిని గుఱించి దశాబ్దముల పర్యంతము వ్రాసెను. కావున దూరమునుండి బోధించుట ఈ విద్యకు నేడు క్రొత్తగా పట్టిన మోజు కాదు. ఐనను ఆమె ఉత్తరములు వ్రాసెనే గాని, ఉత్తరములు చాలునని చెప్పలేదు. ఆమె బడిలోని పిల్లలు రోగుల పడకల నడుమ, తలనెఱసిన పరిచారిక కన్నుల యెదుట పని నేర్చుకొనిరి. ఉత్తరము మనస్సునకు, పడక చేతికి. ఈ రెండింటి భేదమును మీరు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

మన వైపున 1871లో చెన్నపట్టణపు జనరలు ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఆరంభమయ్యెను. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు అను అమెరికా వనిత 1898లో అచ్చట ఆసుపత్రి తెఱచెను. గుంటూరు ప్రాంతపు పెద్దలు ఆమె పేరు వినియే యుందురు.

ఆ తొలినాళ్లలో నర్సుల చదువు ఆసుపత్రి గోడలలోనే యుండెను. చదువు కొంచెము, చాకిరి విశేషము. నర్సునకు విశ్వవిద్యాలయపు చదువేల యని వైద్యులే ఆక్షేపించు కాలమది. ఆ గోడ మెల్లమెల్లగా విఱిగినది. 1899లో న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన టీచర్సు కళాశాలలో నర్సులకు ప్రత్యేక పాఠక్రమ మేర్పడెను. 1907లో అచ్చటనే మేరీ అడిలెయిడు నటింగు అను నర్సు ఆచార్య పదవి నధిష్ఠించెను. లోకమున ఆ పదవి పొందిన మొదటి నర్సు ఆమెయే. 1909లో మినెసోటా విశ్వవిద్యాలయము తనలోనే నర్సుల విద్యాలయమును నెలకొల్పెను. మన దేశమున 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సులకు పట్టపు చదువు లారంభమైనవి.

కాని విశ్వవిద్యాలయములు నగరములలో నుండెను. ప్రసవించు తల్లులు కొండలలోను, పల్లెలలోను ఉండిరి. ఈ రెంటి నడుమ వంతెన కట్టిన స్త్రీ కథయే నా శిష్యురాలు నన్ను తెలిసికొనుమన్న కథ.

ఆమె పేరు మేరీ బ్రెకిన్‌రిడ్జ్. 1881లో పుట్టినది. ఆమె తాతగారు అమెరికా దేశమునకు ఉపాధ్యక్షుడు. ఇంత గొప్పింటి బిడ్డ 1910లో నర్సుగా శిక్షణ పూర్తిచేసెను. ఆమెకు కలిగిన సంతానము ఇద్దఱు. 1916లో నెలలు నిండక పుట్టిన ఆడుశిశువు కొన్ని గంటలకే పోయెను. 1918లో నాలుగేండ్ల కుమారుడు పోయెను. ఆ దుఃఖము నామె ఇంట దాచుకొనలేదు; ఇతరుల బిడ్డలను బ్రతికించుటకు వినియోగించెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఫ్రాన్సు దేశమున పనిచేయుచు, నర్సు విద్యయు మంత్రసాని విద్యయు రెండును నేర్చిన ఆంగ్ల స్త్రీలను చూచెను. అమెరికాలో అట్టివా రప్పటికి లేరనవచ్చును. తానే ఇంగ్లండునకు పోయి ఆ విద్య నేర్చుకొని, స్కాట్లండు దేశపు కొండలలోను దీవులలోను వైద్యము నడచు తీరును కన్నులార చూచి, స్వదేశమునకు మరలెను.

1925లో కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండలలో, లెస్లీ జిల్లాయందు, ఆమె పని నారంభించెను. ఆ సంస్థకే తరువాత ఫ్రాంటియరు నర్సింగు సర్వీసు అను పేరు వచ్చెను. ఆ సీమలో బాటలు లేవు; ఏరు పాఱు త్రోవయే బాట. నర్సులు గుఱ్ఱము లెక్కి తిరిగిరి. జీనునకు రెండు వైపుల సంచులు. సామాన్య రోగములకు ఒక జత, కాన్పులకు వేఱొక జత. ఊళ్ల నడుమ కొన్ని మైళ్ల కొకటిగా నర్సుల స్థావరములు కట్టిరి. నర్సు కోసము జనులు వచ్చుట గాక, జనుల వద్దకే నర్సు పోవునట్లు ఏర్పాటు చేసిరి. రుసుము స్వల్పము, రొక్కము లేనివారు పంటగనో, పనిగనో తీర్చుకొనవచ్చును. వైద్యులు దూరపు పట్టణమున నుండిరి గదా. వారు ఏ స్థితిలో నర్సు ఏమి చేయవచ్చునో, ఏది చేయరాదో తెలుపు చిన్న పుస్తకము సిద్ధపఱచి ప్రతి నర్సు చేతి కిచ్చిరి. వైద్యుని కాలు రాలేని చోటికి వైద్యుని బుద్ధి వచ్చెను.

ఫలిత మేమి? బీమా సంస్థలో గణాంక శాస్త్రజ్ఞుడైన లూయీ డబ్లిను అను నతడు వారి మొదటి 1,000 కాన్పుల లెక్కలు పరిశీలించెను. గర్భముగాని ప్రసవముగాని నేరుగా కారణమై ఒక్క తల్లియు మరణింపలేదని తేలెను. 1930 ప్రాంతమున అమెరికా దేశ మంతటి లెక్క చూచినచో, ప్రతి 1,000 కాన్పులకు ఆఱేడుగురు తల్లులు మరణించుచుండిరి. గొప్ప నగరములు, గొప్ప ఆసుపత్రులు గల దేశమున, బాటలేని కొండలలోని తల్లులే క్షేమముగా నుండిరి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా వాగు గట్టు కన్నుల గట్టినది. బాట లేకుండుట కంటె, బాట కివతల చదువుకొన్న చేయి లేకుండుటయే మా యక్కను చంపినదని ఏబదియేండ్ల తరువాత నాకు బోధపడినది.

1939లో రెండవ ప్రపంచ యుద్ధము రాగా, ఆ సంస్థలోని బ్రిటిషు నర్సులు పలువురు స్వదేశమునకు పోవలసివచ్చెను. అంతట బ్రెకిన్‌రిడ్జ్ ఆ సంవత్సరమే హైడెను అను చిన్న ఊరిలో, ఇద్దఱు విద్యార్థినులతో, ప్రసూతి విద్యాలయమును తెఱచెను. ఆమె 1965లో కీర్తిశేషురాలయ్యెను.

ఇంతలో నర్సుల పై చదువులో శాఖలు చిగిర్చినవి. 1950 తరువాత న్యూజెర్సీలోని రట్గర్సు విశ్వవిద్యాలయమున హిల్డెగార్డు పెప్లావు అను విదుషి మానసిక రోగుల పరిచర్యలో ప్రవీణులను తయారుచేయు పై చదువు నేర్పఱచెను. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డు అను నర్సును, హెన్రీ సిల్వరు అను వైద్యుడును కలసి నర్సు ప్రాక్టీషనరు అను క్రొత్త తరగతిని సృష్టించిరి. అనగా రోగిని పరీక్షించి, రోగమును నిర్ణయించి, చికిత్స చేయుటకు శిక్షణ పొందిన నర్సు. పల్లెలలో బిడ్డలకు వైద్యులు చాలకుండుటయే దీనికి మూలము. ఆ ఫోర్డమ్మ 104 ఏండ్లు జీవించి 2025లో పరమపదించెను. 1970లో హైడెను విద్యాలయమును కుటుంబ నర్సు శాఖను చేర్చుకొనెను. మన వైద్యములో కంటివారు, ఎముకలవారు వేఱైనట్లు, పరిచర్యలోను ప్రసూతి, కుటుంబము, బిడ్డలు, వృద్ధులు, మనోరోగములు, ప్రాణాపాయస్థితి, బోధన యని శాఖ లేర్పడినవి.

అంతట పాత చిక్కే మరల వచ్చెను. ప్రవీణత కావలెనన్న నర్సు తన యూరు విడిచి నగరమునకు పోవలయును. మగడు, బిడ్డలు, జీతము వీనిని విడిచి రెండేండ్లు పోగలవా రెందఱు? పోయినవారిలో మరల పల్లెకు వచ్చువా రెందఱు? మన యూళ్ల సంగతియు నిదియే. చదువుకై పోయిన బిడ్డ చుట్టమువలె పండుగకు వచ్చునే గాని కాపురమునకు రాదు.

హైడెనులో 1951లో చదువుకొన్న కిట్టీ ఎర్నస్టు అను ప్రసూతి నర్సు దీనికి ఉపాయ మాలోచించెను. పల్లె నర్సును బడికి పిలుచుటకు మాఱు బడినే పల్లెకు పంపినచో నేమి? 1989లో ఆ విధమైన చదువు మొదలయ్యెను. నేటి అంతర్జాల మప్పటికి ప్రజల యిండ్లకు రాలేదు. పాఠములు తపాలాలో పోయెను, సందేహములు టెలిఫోనులో తీఱెను. విద్యార్థినులు మొదట కొలది దినములు హైడెనుకు వచ్చి గురువులను, తోడివారిని కలసికొనిరి. పిదప ఇండ్లకు పోయి చదువుకొనిరి. ప్రత్యక్ష శిక్షణకు ముందు మరల వచ్చి తమ చేతి పనిని చూపిరి. అటుపిమ్మట తమ ప్రాంతముననే అనుభవముగల ప్రసూతి నర్సు వద్ద పని నేర్చుకొనిరి. తపాలా పోయి తెర వచ్చినను ఈ క్రమము పోలేదు. ఆ బడి 2011లో ఫ్రాంటియరు నర్సింగు విశ్వవిద్యాలయ మను పేరు ధరించినది. తరువాత కెంటకీలోనే వర్సేల్సు అను పట్టణమునకు మాఱినది. అమెరికాలో ప్రసూతి నర్సుగా క్రొత్తగా చేరగోరువారికి 2010 నుండి పై పట్టము తప్పనిసరి చేసిరి. కావున ఇంటి వద్ద చదువు లేనిచో మాఱుమూల ఊళ్లవారికి ఆ వృత్తి యే దక్కకపోయెడిది.

ఇక నా మొదటి ప్రశ్న. తెర మీద పురుడు పోయుట నేర్చుకొనవచ్చునా? నేర్చుకొనరాదు. ఆ చదువు నడుపువారును వచ్చునని చెప్పలేదు. శరీర ధర్మము, ఔషధముల గుణము, రోగ లక్షణములు, పరిశోధన పద్ధతులు, ఇవి తెర మీద వచ్చును. రోగి దేహము మీద చేయి వేయుట రోగి వద్దనే నేర్వవలయును. నర్సు ప్రాక్టీషనరు శాఖలలో ప్రతి విద్యార్థియు రోగులకు స్వయముగా పరిచర్య చేయు గంటలు 750కి తక్కువ కారాదని 2022లో అచ్చటి జాతీయ ప్రమాణము నిర్ణయించినది. పూర్వము 500 గంటలుండెను. చూడుడు, తెర పెరిగిన కాలముననే పడక యొద్ద గడుపవలసిన గంటలును పెరిగినవి.

భారతమున ఏకలవ్యుడు గురువు నెదుట లేకయే విలువిద్య నేర్చెను గదా యని మీరనవచ్చును. నిజమే. కాని అతని గురి తప్పినచో పోవునది ఒక బాణము. పురుటింట చేయి తప్పినచో పోవునవి రెండు ప్రాణములు.

దోషములు లేవని నే ననను. శిక్షణ నిచ్చు ప్రవీణులు చాలక, వారిని వెదకుకొను భారము పలుచోట్ల విద్యార్థి మీదనే పడుచున్నది. మొదటి యేడు నా శిష్యురాలు ఎక్కిన గడప, దిగిన గడపగా తిరిగినదట. అంతకంటె ఘోర మొకటి. 2023లో అమెరికా ప్రభుత్వము ఫ్లోరిడా రాష్ట్రమున నర్సు బడులు కొన్ని 7,600కు మించిన దొంగ పట్టములు అమ్మినవని బయటపెట్టి, 25 మందిపై నేరము మోపెను. అవి ఈ పై చదువు పట్టములు కావు, నర్సు వృత్తిలో ప్రవేశించుటకు కావలసినవి. ఐనను పాఠ మొక్కటియే. పడక యొద్ద నిలువని పట్టము కాగితమే. ఆ దర్యాప్తునకు నైటింగేలు పేరే పెట్టిరి. ఆ తల్లి పేరు ఇట్టి పనికి రావలసివచ్చుట విచారకరము.

మన దేశపు సంగతి వేఱు. దూరవిద్య మనకు క్రొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే తపాలా పాఠములు మొదలుపెట్టినది, నేను ఎం.ఏ. పట్టము పొందినది ఆ విధముననే. 1982లో హైదరాబాదున దేశములోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. ఆలోచింపగా, గురుముఖమున గాని విద్య రాదని వాదించిన నేనే తపాలా శిష్యుడనని తెలిసి సిగ్గుపడితిని. కాని నర్సింగును దూరవిద్యగా గాని ఆన్‌లైనున గాని నేర్పరాని విద్యలలో యూ.జీ.సీ. వారు 2020 నియమములలో చేర్చిరి. మన దేశమున ఎం.ఎస్‌సి. నర్సింగు రెండేండ్లు కళాశాలకు పోయియే చదువవలయును. వైద్య శస్త్రచికిత్సా పరిచర్య, ప్రసూతి, శిశువులు, మానసికము, సామాజిక ఆరోగ్యము అని ఐదు శాఖలు కలవు. చేతి విద్య చెడకూడదను భయముతో పెట్టిన ఈ కట్టుబాటును నేను తప్పు పట్టను. ఐనను, పల్లెలో పనిచేయు నర్సమ్మ మగనిని, బిడ్డలను విడిచి పోలేక అక్కడనే ఆగిపోవుటయు నష్టమే. సిద్ధాంత భాగము ఇంటికి పంపి, పడక భాగమును జిల్లా ఆసుపత్రిలో గట్టిగా నడపు మార్గము మనవారును ఒకనాడు ఆలోచింపకపోరని నా యాశ.

పెద్దలైన మీకు నా మనవి యిది. మీ కూతురో, కోడలో నర్సై, పై చదువు చదువుదు ననినచో, ఈ వయస్సున చదువేమని అడ్డుపడకుడు. దూరదేశమున నున్న బిడ్డ ఆన్‌లైనున చదువుదు ననినచో నావలె కోపపడకుడు. మూడు ప్రశ్నలు మాత్ర మడుగుడు. ఆ బడికి ఆ దేశపు గుర్తింపు కలదా? ఆ పట్టముతో నీవుండు రాష్ట్రమున లైసెన్సు వచ్చునా? పడక యొద్ద నీ ప్రక్క నిలిచి నీ చేయి దిద్దువా రెవరు? మూడవ ప్రశ్నకు సూటియైన సమాధానము వచ్చినచో నిర్భయముగా ఆశీర్వదింపుడు.

నేను మూడవ ప్రశ్న నా శిష్యురాలి నడిగితిని. తన యింటికి నలువది మైళ్ల దూరమున నొక ముసలి ప్రసూతి నర్సు దొరకినదని చెప్పెను. ఒకనాటి రాత్రి మంచు కురియుచుండగా ఇరువురును కాన్పునకు పోయిరట. బిడ్డ తల బయటకు వచ్చు వేళ ఆ ముసలామె తన చేతిని ఈమె చేతి మీద నుంచి, ఎంత ఒత్తవలయునో, ఎచ్చట ఆగవలయునో మాటలాడకుండ నేర్పినదట. పిమ్మట మెల్లగా తన చేయి తీసివేసినదట. తల్లి, బిడ్డ క్షేమము.

ఆ మాట విని నేను కొంతసేపు మాటలాడలేకపోతిని. "చదువుకో తల్లీ, శుభమగు గాక" అని మాత్రమంటిని.